బ్లేడుకు నీళ్ళు అక్కరలేదు

కాంక్రీటు కోయడానికి ఏ బ్లేడు కొనాలో తెలియక తికమకపడేవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరికి వస్తారు. కోయంబత్తూరులో ఈ పని మొదట్లోనే పట్టుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. ముందు గోడ చూస్తాను. మేకు తీసుకుని ఇటుక మీద గీస్తాను. పొడి రాలితే ఒక రకం, గీత పడి ఊరుకుంటే ఇంకో రకం. కాంక్రీటైతే ఒక మూల పగలగొట్టించి, లోపల ఏ జల్లి, అంటే ఏ కంకర, వేశారో చూస్తాను. ఇసుకను వేళ్ళ మధ్య నలుపుతాను. లోపల కమ్మీ ఎంత లావుందో అడుగుతాను. ఆ తర్వాతే నోరు విప్పుతాను. ఇన్నేళ్ళలో నా మాట తప్పిపోయింది తక్కువ. ఒక్కసారి మాత్రం బ్లేడు సరిగ్గానే ఎంచుకున్నాను గాని మనిషి పోయాడు. ఆ మనిషి మా అక్క భర్త. ఆయన ఊపిరి నేను కొన్న బ్లేడు దగ్గర పోయింది. దాన్ని ఇంకో రకంగా చెప్పే తెలివితేటలు నాకు లేకపోలేదు. ఈ వయసులో అవి వాడదలచుకోలేదు.

మావి మిల్లు వెనక లైను ఇళ్ళు. ఒకే గోడకు అటూ ఇటూ రెండు కాపురాలు, మధ్యలో మాట చాటు లేదు. మా అక్క తిట్టిన తిట్లన్నీ మా ఇంట్లోకి వినబడేవి, మా ఆవిడ తిట్టినవి వాళ్ళింట్లోకి. బావ మిల్లులో బ్లోరూం మనిషి. అంటే బేళ్ళు విప్పి పత్తిని మెషిన్‌కు వేసే చోట పని. మిల్లు మొత్తంలో దుమ్ము అక్కడే ఎక్కువ. సాయంత్రం ఆయన గేటు బయటికి వస్తే కనుబొమల మీద నూగు పట్టి ముసలాడిలా కనబడేవాడు. గేటు దగ్గర నిమ్మకాయంత బెల్లం ముక్క కొనుక్కుని బుగ్గన పెట్టుకునేవాడు. బెల్లం దిగితే గొంతులో దుమ్ము దిగుతుందని మిల్లు జనం నమ్మకం. నేను ఫిట్టర్ని. నూనె, స్పానర్లు, మెషిన్ల కింద పాకడం నా పని. నా ఒంటి మీద నూగు కంటే జిడ్డే ఎక్కువ.

మిల్లు మనుషులకు ఒక జబ్బు ఉండేది. వారానికొక రోజు సెలవు కదా, ఆ మర్నాడు పనిలోకి దిగితే రొమ్ము బిగుసుకుపోయేది. ఎవరో కూర్చుని నొక్కినట్టుండేదట. రెండోరోజు కాస్త తగ్గేది. మూడోరోజుకు పూర్తిగా వదిలేది. మళ్ళీ సెలవు, మళ్ళీ బిగుసుకోవడం. దీన్నుంచి మా వాళ్ళు ఒక పాఠం నేర్చుకున్నారు. తప్పు సెలవుది, దుమ్ముది కాదు అని. రొమ్ము పట్టేసిందని ఎవడైనా ఇంట్లో పడుకుంటే పెద్దవాళ్ళు కసిరి పనికి పంపేవాళ్ళు. పోయినవాడికి నిజంగానే తగ్గేది కూడా. తగ్గుతుంటే ఇంక ఎవరు కాదంటారు? మా నాన్న ఆ నమ్మకంతోనే బతికాడు, బావ ఆ నమ్మకంతోనే పెరిగాడు. నాకూ వేరే నమ్మకం ఏమీ లేదు.

తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మా మిల్లు కూడా. మెషిన్లు విడదీసి లారీల్లో ఎక్కించారు. ఖాళీ షెడ్డును గోడౌనుగా మారుస్తామని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. మెషిన్లు నిలబెట్టిన కాంక్రీటు దిమ్మలు కోసి తీసేయాలి. గోడల్లో లారీ పట్టేంత దారులు కోయాలి. సమ్మెటతో కొడితే పాత షెడ్డు కూలిపోతుంది కాబట్టి బ్లేడుతోనే కోయాలి. మిల్లు ఆనుపానులు తెలిసినవాళ్ళు కావాలన్నాడు. నేను ముందుకు వెళ్ళాను. ఫిట్టర్ని గనక మేస్త్రీని చేశాడు. బావ నా కింద మెషిన్ పట్టుకునే మనిషి అయ్యాడు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. నా పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని పందిట్లోకి నడిపించినవాడు. అయినా ఎదురు మాట్లాడకుండా వచ్చాడు. ఖాళీగా ఇంట్లో కూర్చోవడం ఆయనకు చావుతో సమానం.

బ్లేడు కొనడం నా వంతు. నా మొదటి తప్పు అందరూ చేసేదే. కాంక్రీటు గట్టిది కదా, మీ దగ్గరున్న వాటిలో అన్నిటికంటే గట్టిది ఇవ్వమని అడిగి తెచ్చాను. పావుగంట కోసిందో లేదో, నిప్పురవ్వలు చిమ్మి ఊరుకుంది. అంచు చూస్తే అద్దంలా మెరుస్తోంది. వజ్రపు బ్లేడు అన్నారు, నకిలీ సరుకు అంటగట్టారు అని మండిపడి అంగడికి పోయాను. అంగడి యజమాని పెద్దాయన. వాళ్ళదీ తెలుగే. ఊరి బయట పొలాలున్న కుటుంబం, తర్వాత ఇనుప సామాన్ల వ్యాపారంలోకి వచ్చారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నా అరుపులు పూర్తయ్యేదాకా ఆగి, బ్లేడు అంచు మీద గోరుతో గీసి చూశాడు.

"గట్టి రాయికి గట్టి బ్లేడు వేసినావాప్పా?" అన్నాడు.

"వేయకుంటే ఎట్లా కోసేదిండి?"

ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. బ్లేడు పళ్ళలో వజ్రాలు ఇసుక రవ్వల్లా ఉంటాయి, వాటిని పట్టుకుని ఉండేది ఒక లోహపు ముద్ద, దాన్నే పట్టు అంటారు. పైనున్న రవ్వలు మొండిబారితే ఆ లోహం అరిగి వాటిని రాల్చేయాలి, లోపల ఉన్న కొత్త రవ్వలు బయటికి రావాలి. గట్టి రాయి లోహాన్ని తొందరగా అరగదీయదు. అందుకని గట్టి రాయికి మెత్తటి పట్టు కావాలి. ఇటుక, సున్నం, పచ్చి కాంక్రీటు మెత్తగా కనబడతాయి గాని ఆకురాయిలా లోహాన్ని తినేస్తాయి. వాటికి గట్టి పట్టు కావాలి. ఇదంతా చెప్పి, "దీన్ని పారేయబాక. పోయి నాలుగు గీతలు ఇటుకలో కొయ్యి. మొద్దుబారినది లేస్తాది," అన్నాడు.

పోయి అట్లాగే చేశాను. లేచింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది, చెప్పుకోవడానికి సిగ్గుగా కూడా ఉంది. మిల్లు పోయాక నా చేతిలో ఒక విద్య పడిందనిపించింది. ఆ వారమంతా షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ, దిమ్మల మూలలు పగలగొట్టి జల్లి చూస్తూ, అడిగినవాడికీ అడగనివాడికీ పాఠం చెప్పాను.

రెండోసారి అంగడికి పోవడానికి కారణం ఒక పన్ను. బావ కోస్తుండగా బ్లేడు పన్ను ఒకటి ఊడి ఎగిరి గోడకు గుచ్చుకుంది. ఒక జానెడు పక్కకు వస్తే ఆయన మెడలో దిగేది. ముక్క తీసుకుని పరుగెత్తాను. పెద్దాయన చూసి నీళ్ళు పోస్తూ కోస్తున్నారా అని అడిగాడు. లేదన్నాను. ఇది పళ్ళు టంకం పెట్టి అతికించిన బ్లేడు, నీళ్ళు లేకుంటే వేడికి టంకం కరిగి పన్ను ఊడుతుంది అన్నాడు. మరి నీళ్ళు లేకుండా కోసేది లేదా అని అడిగాను. లోపలికి పోయి ఇంకొకటి తెచ్చాడు. పళ్ళు వెల్డు చేసినది, పంటికీ పంటికీ మధ్య గాలి ఆడడానికి సందులున్నది.

"దీనికి నీళ్ళు వద్దు. కొంచెం కోసి పైకి ఎత్తు, గాలిలో తిరగనీ, మళ్ళీ దించు. బ్లేడుకు ఏమీ కాదు," అన్నాడు. నేను డబ్బు తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "బ్లేడుకు నీళ్ళు అక్కరలేదు అంటుండా. మనిషికి కావాల. ఇది పంజు దూశి మాదిరి కాదప్పా. ఈ రాతి దూశి రొమ్ములోకి పోయి కూర్చుంటే మళ్ళీ లేవదు. ఏ బ్లేడు వేసినా నీళ్ళు పెట్టుకోండ."

పంజు అంటే మా దగ్గర పత్తి, దూశి అంటే దుమ్ము. అర్థం కాలేదని చెప్పడానికి లేదు. "శరింగ" అన్నాను. మా ఊళ్ళో ఆ మాటకు ఒప్పుకున్నామని అర్థం కాదు, ఇక వెళ్ళొస్తామని అర్థం.

నీళ్ళు ఎందుకు పెట్టలేదని ఎన్నోసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. మిల్లుకు నీళ్ళ గొట్టం కోసేశారు. బావిలో పంపు ఎప్పుడో పీకి అమ్మేశారు. లైను ఇళ్ళకు కొళాయి నాలుగు రోజులకోసారి. వీధి చివర తొట్టి నుంచి డ్రమ్ములతో మోసుకోవాలి, మోసినా బురద ఎత్తి పోయాలి. పైగా కరెంటు మెషిన్ దగ్గర నీళ్ళంటే ఫిట్టర్ని కాబట్టి నాకు భయం. ఇవన్నీ నిజాలే. కాని డ్రమ్ములు మోయడం సాధ్యమే. పది మంది ఆడవాళ్ళు పని లేక ఇళ్ళల్లో కూర్చున్నారు, పిలిస్తే వచ్చేవాళ్ళు. మొదటి షెడ్డు తొందరగా ముగిస్తే తర్వాతి మిల్లు పని కూడా నాకే ఇస్తానన్నాడు కాంట్రాక్టరు. అది ఒక్కటే కారణం. మిగతావి తర్వాత వెతుక్కున్నవి.

పెద్దాయన మాట బావకు చెప్పలేదు. కొత్త బ్లేడు ఆయన చేతిలో పెట్టి, "దీనికి నీళ్ళు వద్దంట బావా," అన్నాను. అంతవరకే చెప్పాను.

ఆయన బ్లేడును తిప్పి తిప్పి చూసి, "మేలే. మిల్లు నేల మీద నీళ్ళు పోసేది నాకు మనసు ఒప్పలేదు మచ్చాన్," అన్నాడు. భార్య తమ్ముణ్ణి మచ్చాన్ అనడం మా దగ్గర అలవాటు. ఇరవై రెండేళ్ళు ఆ నేల మీద నీటి చుక్క పడితే సూపర్‌వైజరు తిట్లు తిన్న మనిషి. పత్తి లేని మిల్లులో కూడా ఆ భయం ఆయనను వదల్లేదు.

అంతకంటే పాడు సంగతి కిటికీలు. మొదటిరోజు షెడ్డులోకి రాగానే బావ వరసగా కిటికీలన్నీ మూసుకుంటూ పోయాడు. మిల్లులో కిటికీ తెరిస్తే గాలికి దారం తెగుతుంది. అందుకని మా జన్మలో మేము తెరిచిన కిటికీ చూడలేదు. దారం ఎక్కడుంది తెగడానికి? నేను నవ్వి తెరిచి ఉండాల్సింది. నవ్వలేదు, తెరవలేదు. అసలు ఆయన మూస్తున్నాడని కూడా నాకు తట్టలేదు, మూసి ఉండడమే సరైనదిగా కనబడింది. మూసిన షెడ్డులో బ్లేడు దిగితే పది నిమిషాల్లో ఎదురు మనిషి కనబడేవాడు కాదు. బావ ముఖానికి తుండుగుడ్డ కట్టుకుని, తెల్లటి దుమ్ములో నడుం వంచి, గీసిన గీత మీద వెంట్రుకంత పక్కకు పోకుండా కోసేవాడు. అంత సూటిగా కోసే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నేను బయట నిలబడి తర్వాతి దిమ్మకు గీతలు గీసేవాణ్ణి, బ్లేడు మార్చేటప్పుడు మాత్రం లోపలికి పోయేవాణ్ణి. మేస్త్రీని కదా.

"దూశి జాస్తిగా ఉండాది కదా బావా," అన్నానొకసారి.

"పంజు తిన్నోనికి ఇదొక లెక్కా?" అన్నాడు, బెల్లం బుగ్గ మార్చుకుంటూ. నాకు హాయిగా అనిపించింది. ఆయనే అన్నాడు కదా, నేను అనలేదు అనుకున్నాను.

ఆ మిల్లు తర్వాత ఇంకో మిల్లు, ఆ తర్వాత ఇంకోటి. పొల్లాచ్చిలో ఒక నూనె మిల్లు కూడా కోశాం. ఐదేళ్ళు గడిచాయి. బ్లేడు విషయంలో నా పేరు పెరిగింది. నీళ్ళు అడగని పనివాళ్ళు, తొందరగా ముగిస్తారు అని కాంట్రాక్టర్లు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఐదో ఏడు బావ పని చోట మెట్లెక్కుతూ మధ్యలో నిలబడిపోవడం మొదలుపెట్టాడు. సైకిలు తొక్కడం మానేశాడు. ఒకరోజు పనికి రాలేదు. ఇంటికి పోయి చూస్తే గోడకు చేరగిలబడి కూర్చున్నాడు.

"రొమ్ము బిగించినట్టు ఉండాది," అన్నాడు.

నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "సెలవు పెడితే బిగిస్తాది బావా. పనికి వచ్చి నాలుగు రోజులు దూశిలో నిలబడితే వదులుతాది," అన్నాను. మా నాన్న అన్న మాట, మా తాత అన్న మాట. అది పత్తి మాట. రాతికి వాడాను. మా అక్క కూడా నన్నే సమర్థించి, ఆయనకు అన్నం క్యారియరు కట్టి ఇచ్చింది. బావ లేచి వచ్చాడు. నాలుగు రోజులు కోశాడు. వదల్లేదు. ఇంకా నాలుగు రోజులు కోశాడు. అట్లా ఆయన చేత ఇంకో ఏడాది కోయించాను.

కోయంబత్తూరు ఆస్పత్రిలో ఎక్కడ పని అని అడిగితే అక్క "పంజు మిల్లుంగ" అని చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు, మా దృష్టిలో మేమందరం ఇంకా మిల్లు వాళ్ళమే. నేను పక్కనే ఉండి ఊరుకున్నాను. క్షయ అని ఆరు నెలలు మాత్రలు మింగించారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, తిండి కూడా పోయింది. ఎముకల గూడు మిగిలింది. అప్పుడు మదురైలో మంచి డాక్టరు ఉన్నాడని మా చిన్నమ్మ కబురు చేసింది. ఆమె ఇల్లు మాట్టుతావణి బస్టాండు దగ్గర. బావనూ అక్కనూ తీసుకుని పోయాను. బస్టాండు నుంచి చిన్నమ్మ ఇంటికి రెండు వీధులే గాని, ఆటో పిలవాల్సి వచ్చింది.

ఆ డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి ఎంతోసేపు చూడలేదు. మేలూరు చుట్టుపక్కల రాతి క్వారీల నుంచి అట్లాంటి రొమ్ములు ఆయన దగ్గరికి రోజూ వస్తాయట. తమిళంలో, "ఏ క్వారీ?" అని అడిగాడు.

"క్వారీ కాదుంగ, పంజు మిల్లు," అన్నాడు బావ.

"మిల్లు ఇట్లా చేయదు. ఇది రాయి," అన్నాడు డాక్టరు. ఎన్నేళ్ళు రాతి దుమ్ములో ఉన్నారని అడిగాడు. బావ నా వైపు చూశాడు. నేను ఆరేళ్ళు అన్నాను. నీళ్ళు వాడారా అని అడిగాడు. లేదన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. రాసుకుంటూ, ఇది తగ్గేది కాదు, ఇక దుమ్ములోకి పోనివ్వకండి, ఊపిరి ఆడనప్పుడు ఇది పీల్చమనండి అని ఒక గొట్టం రాసిచ్చాడు. అక్క తగ్గేది కాదంటే అర్థమేమిటని నన్ను మూడుసార్లు అడిగింది. ఆమెకు తమిళం నాకంటే బాగా వచ్చు.

తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన బావను కూర్చోబెట్టాం. అక్క ఆయన పక్కన, నేను వెనక సీట్లో. దిండిగల్లు దాటాక మధ్యాహ్నపు ఎండలో బస్సంతా నిద్రపోయింది. బావ మెల్లిగా తల వెనక్కి తిప్పాడు. ఆ కొంచెం తిప్పడానికే ఆయనకు ఆయాసం వచ్చింది.

"మచ్చాన్," అన్నాడు. "బ్లేడు కొన్న ఆ కడలో నీకు ఎవరన్నా చెప్పినారా? నీళ్ళు లేకుంటే ఇట్లా అవుతాదని?"

ఆ పెద్దాయన అడ్డం పెట్టిన చెయ్యి నా కళ్ళ ముందే ఉంది. అక్క కూడా నా వైపు తిరిగింది. నాకు బావ కంటే ఆమె కళ్ళు చూస్తేనే భయం వేసింది. నిజం చెబితే ఆ క్షణం నుంచి నాకు అక్క ఉండదు. అంతే ఆలోచించాను, అంతకు మించి గొప్ప ఆలోచన ఏదీ రాలేదు.

"లేదు బావా. ఎవరూ చెప్పలేదు," అన్నాను.

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "అదే అనుకున్నా. చెప్పుంటే నువ్వు నీళ్ళు పెట్టుంటావు," అన్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి, "రేపు నేను పోయినాక వాణ్ణి ఒక్క మాట అనబాకు. వానికీ తెలియదు," అన్నాడు. అక్క ఏడుస్తూ తల ఊపింది. నేను ముందు సీటు కమ్మీ పట్టుకుని ఊరు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను.

నాలుగు నెలలకు పోయాడు. పడుకుంటే ఊపిరి ఆడదు కాబట్టి చివరి వారాలన్నీ కూర్చునే ఉన్నాడు, ఒక దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మీద తల ఆనించుకుని. చివర్లో నన్ను చూస్తే నవ్వడానికి ప్రయత్నించేవాడు. ఆ నవ్వు నాకు భరించరానిది. ఆయన కోపంగా ఉంటే ఎంత బాగుండేదో అనుకునేవాణ్ణి. సమాధి తవ్వినవాళ్ళకు కింద బండ తగిలింది. కోయాలంటే మెషిన్ తెమ్మంటారా అని నన్నే అడిగారు. వద్దు, పక్కకు జరిపి తవ్వండి అన్నాను.

అప్పటి నుంచి నీళ్ళు లేకుండా నేను ఒక గీత కూడా కోయించలేదు. వచ్చి అడిగినవాళ్ళకు ముందు నీళ్ళ గురించే చెబుతాను, కోపంగా చెబుతాను, వినకపోతే పొమ్మంటాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే, నాకు తెలుసు. ఇంకా బుద్ధి లేనట్టు, ఆ చెప్పడంలో కూడా మేస్త్రీ గొంతే వస్తుంది నాకు.

అంగడి పెద్దాయన కూడా కాలం చేశాడు. ఆ రోజు అక్కడ మేమిద్దరమే ఉన్నాం. ఇక తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా అక్క మాత్రం ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. ఈ రోజు దాకా నన్ను ఒక్క మాట అనలేదు. నా కాలు నొప్పి అంటే నూనె కాచి పంపుతుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక పిలిచి అన్నం పెడుతుంది. పోయినసారి చేప ముక్క నా కంచంలో వేస్తూ, "మీ బావకు నువ్వంటే ఎంత నమ్మకం తంబీ," అన్నది. తలవంచుకుని తిన్నాను.

చెప్పకుండా చచ్చిపోతే ఎట్లా అని కొంతకాలంగా నాకు బెంగ పట్టుకుంది. చెబుదామని రెండుసార్లు ఆమె గడప దాకా పోయాను. ఆమె తమిళం చదువుతుంది, రోజూ పేపరు చూస్తుంది. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరం రాదు. మా నాయనమ్మ తెలుగు బైబిలు ముందు పెట్టుకుని నాకొక్కడికే నేర్పింది. అందుకే ఇది తెలుగులో రాశాను.